హెచ్ఓ లేఅవుట్ మీద మన రైల్వే కరెంటు తీగలు కట్టుకోవడం ఎలా?

విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫాం చివర నిలబడి తలెత్తితే, ఆకాశమంతా తీగల అల్లికే. చిన్నప్పటి నుంచి ఆ అల్లికను చూస్తూ పెరిగినవాళ్లకు, మోడల్ రైళ్ల లేఅవుట్ మీద డబ్ల్యూఏపీ-7 ఇంజను పైన ఏమీ లేకుండా ఖాళీ గాల్లోకి పాంటో (తీగను తాకి కరెంటు తీసుకునే మడత చట్రం) ఎత్తుకుని తిరుగుతుంటే ప్రాణం ఒప్పదు. తీగలు కట్టడం కష్టమని చాలామంది ఆ వెలితితోనే సర్దుకుపోతారు. నిజానికి ఇందులో చేతికి కావలసింది ఓపిక. ముప్పాతిక పని తీగ ముట్టుకోకముందే అయిపోవాలి. స్తంభాలు సరైన చోట గట్టిగా నిలబడితే తీగ తనంతట తానే సరిగ్గా కూర్చుంటుంది. స్తంభం కదిలితే ఎంత మంచి తీగ తెచ్చినా లాభం లేదు.

ఇక్కడ చెప్పేదంతా 1:87 హెచ్ఓ స్కేలుకు, అంటే అసలు కొలతలో 87వ వంతుకు, మన 25 వేల వోల్టుల లైను రూపానికి సంబంధించింది. ఎన్ స్కేలు వాళ్లు 87 బదులు 160తో భాగించుకుంటే చాలు.

తీగలో కరెంటు పెట్టాలా అన్న ప్రశ్న ముందే తేల్చుకోండి. నా సలహా వద్దనే. ఇంజనుకు కరెంటు పట్టాల నుంచే రానివ్వండి, తీగ రూపానికే. తీగతో నడపాలంటే ప్రతి అతుకూ, పాంటో తాకే ప్రతి చోటూ నిత్యం శుభ్రంగా ఉండాలి. తీగ ఉత్తదే అయినా ఒక్క పరీక్ష మాత్రం తప్పనిసరి. మల్టీమీటరు ఒక ముల్లు పాంటో మీద, ఇంకోటి చక్రాల మీద పెట్టి చూడండి. కొన్ని మోడళ్లలో పాంటో లోపల సర్క్యూటుకు కలిసి ఉంటుంది. అలాంటి ఇంజన్లు రెండు ఎదురెదురు ముఖాలతో ఒకే తీగ కింద నిలబడితే ఆ తీగ ద్వారానే షార్టవుతుంది. మీటరు మోగితే ఇంజను విప్పి, పాంటోకు వెళ్లే వైరు ఊడదీసి, కొసకు ఇన్సులేషన్ చుట్టండి. పట్టాలా తీగా అని ఎంచుకునే స్విచ్చు ఉన్న మోడలైతే దాన్ని పట్టాల వైపు పెడితే సరిపోతుంది.

ట్రాక్ పూర్తి కాకుండా తీగ జోలికి వెళ్లొద్దు

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నా యార్డులో ఒక పాయింటు (దారి చీలే చోటు) అప్పుడప్పుడూ మొరాయిస్తుండేది. తర్వాత చూద్దాంలే అని పైన తీగలు కట్టేశాను. వారం తిరక్కుండానే ఆ పాయింటు పైకి లేపాల్సి వచ్చి, ఆరు స్పాన్లు (రెండు స్తంభాల మధ్య తీగ భాగాలు) సోల్డరు కరిగించి విప్పాను. అందులో రెండు మళ్లీ పనికి రాలేదు. అందుకే బ్యాలస్ట్ (పట్టాల కింది కంకర) పోయడం, పాయింటు మోటార్లు, వైరింగు అన్నీ ముగించి, మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన పెట్టెల వరసతో కనీసం నెల రోజులు బండి నడపండి. తీగలు వచ్చాక చెయ్యి పెట్టి పట్టాలు తుడవడం కష్టం కాబట్టి, అడుగున తుడిచే మెత్త ఉన్న క్లీనింగ్ వ్యాగన్ ఒకటి అప్పటికే సిద్ధంగా ఉండాలి.

కొలతలు

దేశంలో మొదటి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా నడిచింది. అది 1500 వోల్టుల డీసీ. ఈనాడు మనం చూసే 25 వేల వోల్టుల ఏసీ పద్ధతి 1950ల చివర్లో ఫ్రెంచి రైల్వేల సాంకేతిక సాయంతో మొదలైంది. మోడల్ కట్టేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతే. సోమర్‌ఫెల్ట్, ఫీస్‌మన్ లాంటి జర్మన్ కంపెనీల రెడీమేడ్ స్తంభాలు నాణ్యంగానే ఉంటాయి గానీ, జర్మన్ నమూనా స్తంభం మన కంటికి పరాయిగా తోస్తుంది. కొనేటట్లయితే ఫ్రెంచి నమూనాలకేసి చూడండి. లేదంటే సొంతంగా చేసుకోండి. నేను రెండో దారే పట్టాను.

మన లైన్లలో పాంటో తాకే కాంటాక్ట్ వైరు రైలు పట్టా పైనుంచి ఐదున్నర మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. హెచ్ఓలో అది 63 మి.మీ. దాని పైన వేలాడే కేటనరీ వైరు, స్తంభం దగ్గర 1.4 మీటర్ల ఎడంలో ఉంటుంది. అంటే 16 మి.మీ. తిన్నని దారిలో స్తంభానికీ స్తంభానికీ మధ్య గరిష్ఠంగా 72 మీటర్లు. స్కేలు ప్రకారం 827 మి.మీ. అవుతుంది గానీ, మన గదుల్లో పట్టే లేఅవుట్ మీద అంత ఎడం పెడితే మొత్తం మీద నాలుగు స్తంభాలే మిగులుతాయి. 350 నుంచి 450 మి.మీ. పెట్టండి, కంటికి నిండుగా ఉంటుంది. స్తంభం ముఖం ట్రాక్ మధ్యగీత నుంచి రెండున్నర మీటర్లు, అంటే 29 మి.మీ. దూరంలో ఉండాలి. ఒంపుల్లో పొడవాటి కోచ్ మూలలు బయటికి వస్తాయి కాబట్టి అక్కడ ఇంకో మూడు నాలుగు మి.మీ. కలపండి.

కాంటాక్ట్ వైరు ఎప్పుడూ ట్రాక్ మధ్యగీత మీదుగా తిన్నగా వెళ్లదు. ఒక స్తంభం దగ్గర 200 మి.మీ. ఎడమకు, తర్వాతి స్తంభం దగ్గర అంతే కుడికి జరుగుతూ వంకరటింకరగా సాగుతుంది. తిన్నగా వెళ్తే పాంటో మీది పట్టీ ఒకే చోట అరిగి గాడి పడుతుంది. దీన్నే స్టాగర్ అంటారు. స్కేలు ప్రకారం 2.3 మి.మీ. మాత్రమే. నేను 3 పెడతాను, అప్పుడే పైనుంచి చూసినప్పుడు ఆ నడక తెలుస్తుంది.

ఎత్తు 63 అన్నాను గానీ, ఆఖరి మాట మీ పాంటోదే. ఇంజను పట్టాల మీద పెట్టి పాంటో పూర్తిగా లేపి కొలవండి, పూర్తిగా మడిచి కొలవండి. తీగ ఎత్తు ఆ రెండింటికీ నడుమ, పై వైపుకు కొంచెం దగ్గరగా ఉండాలి. రెండు అంతస్తుల కంటైనర్ బళ్లు తిరిగే లైన్లలో తీగ ఏడున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అది మోడల్లో 86 మి.మీ., మామూలు పాంటో అందుకోలేదు.

ఎత్తు ఖాయం అయ్యాక ఒక గేజి చేసుకోండి. పట్టాల మధ్య ఇమిడేలా అడుగున గాడి తీసిన చెక్క దిమ్మె, పైన సరిగ్గా తీగ ఎత్తుకు తెగిన అంచు, ఆ అంచు మీద మధ్యగీత, దానికి రెండు వైపులా 3 మి.మీ. దగ్గర గాట్లు. ఈ చిన్న దిమ్మె లేకుండా ఒక్క స్తంభం కూడా నిలబెట్టకండి.

స్తంభాల చోట్లు

కాగితం మీద గీసుకోవడం కన్నా, లేఅవుట్ మీదే పళ్లపుల్లలు గుచ్చి, మధ్య దారం కట్టి చూడటం మేలు. ముందు పాయింట్ల దగ్గర, తర్వాత ఒంపుల్లో, చివరికి తిన్నని దారిలో చోట్లు తేల్చుకోండి. తిన్నని దారిలో అటూ ఇటూ జరుపుకునే వీలుంటుంది, పాయింటు దగ్గర ఉండదు.

ఒంపులో చిక్కు ఏమిటంటే, ట్రాక్ వంగుతుంది, తీగ వంగదు. రెండు స్తంభాల మధ్య తీగ తిన్నటి గీతే కాబట్టి నడిమధ్యలో అది ట్రాక్ లోపలి వైపుకు జరిగిపోతుంది. ఎంత జరుగుతుందో లెక్క కట్టడం తేలికే: స్పాన్‌ను స్పాన్‌తో గుణించి, ఒంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. 600 మి.మీ. వ్యాసార్ధం, 200 మి.మీ. స్పాన్ అయితే 8.3 మి.మీ. దాన్ని సగం సగం పంచుకోవాలి. స్తంభం దగ్గర తీగను మధ్యగీతకు 4 మి.మీ. బయటికి లాగితే, నడుమ 4 మి.మీ. లోపలికి వస్తుంది. ఇప్పుడు మీ పాంటో పైన సమంగా ఉన్న భాగం కొలవండి. అది 16 మి.మీ. అనుకుందాం. సగం 8, అందులో రెండు భద్రతకు వదిలేస్తే తీగ 6 మి.మీ. దాటి జరగకూడదు. 600 ఒంపులో 200 స్పాన్ హాయిగా ఇముడుతుంది, 240 అంచున నిలుస్తుంది, 300 పెడితే తీగ 9 మి.మీ. పైన జరిగి పాంటో కొమ్ము (రెండు చివర్లా కిందికి వంగిన భాగం) దాటి కిందికి జారుతుంది. అదే జరిగితే పాంటో తీగలో ఇరుక్కుని, ఇంజను లాగుతున్న కొద్దీ రెండూ నాశనమవుతాయి. అందుకే ఈ లెక్క కాగితం మీద వేసుకుని గోడకు అంటించుకోండి.

ఒంపులో బిగువు తీగను ఎప్పుడూ లోపలి వైపుకు లాగుతుంది. స్తంభం బయటి వైపు ఉంటే దాని చెయ్యి తీగను తన వైపు లాగి పట్టుకుంటుంది, పని సుళువు. చోటు లేనప్పుడే లోపలి వైపు పెట్టండి.

స్తంభం, దాని పాదం

మన మాస్టులు ఎక్కువగా ఇనుప దూలాలే. మోడల్లో రెండున్నర లేదా 3 మి.మీ. ఇత్తడి ఐ-సెక్షన్ సరిపోతుంది. అది దొరకకపోతే రెండు సన్నటి ఇత్తడి చానెళ్లు వీపులు కలిపి సోల్డరు చేసుకోండి. పట్టా పైనుంచి సుమారు 90 మి.మీ. ఎత్తు తేలేలా కోయండి.

పాదం గురించి శ్రద్ధ పెట్టండి. స్తంభాన్ని బేస్‌బోర్డులో (లేఅవుట్ అడుగు పలకలో) రంధ్రం చేసి జిగురుతో అతికిస్తే ఏడాది తిరిగేసరికి వాలుతుంది. ఎం3 ఇత్తడి బోల్టు తల మీద స్తంభాన్ని నిటారుగా నిలబెట్టి సోల్డరు చేయండి. మూలమట్టం ఆన్చి చూసుకోవాలి. బోర్డులో 4 మి.మీ. రంధ్రం వేసి, బోల్టు దింపి, కింద వెడల్పు వాషరు, నట్టు బిగించండి. రంధ్రం ఒక మి.మీ. వదులుగా ఉంది కాబట్టి స్తంభాన్ని అటూ ఇటూ జరుపుకోవచ్చు, తిప్పుకోవచ్చు, తర్వాత ఎప్పుడైనా విప్పుకోవచ్చు. కింద ఆ నట్లకు మీ ట్రాక్ వైర్లు తగలకుండా చూసుకోండి. తీగ చివర కట్టే స్తంభాలను బిగువుకు ఎదురుగా వెంట్రుకవాసి వాల్చి బిగిస్తే, తీగ లాగాక అవి నిటారుకు వస్తాయి. పాదం చుట్టూ సిమెంటు దిమ్మె ప్లాస్టరుతో పోసేది అన్నీ పరీక్షించిన తర్వాతే.

కాంటిలివర్

స్తంభం నుంచి ట్రాక్ మీదికి చాచిన చెయ్యి ఇది. పైన అడ్డంగా ఒక గొట్టం, కింది నుంచి ఏటవాలుగా లేచి దాన్ని కలిసే ఇంకో గొట్టం, రెండూ కలిసి స్తంభంతో త్రికోణం. రెండింటికీ స్తంభం వైపు ఇన్సులేటర్లు. ఏటవాలు గొట్టం నుంచి బయల్దేరే రిజిస్టర్ ఆర్మ్, దాని కొసన కాంటాక్ట్ వైరును పక్కకు పట్టుకునే సన్నని స్టెడీ ఆర్మ్. గొట్టాలకు 0.8 మి.మీ., స్టెడీ ఆర్మ్‌కు 0.5 మి.మీ. ఇత్తడి కడ్డీ వాడండి.

ప్రతిదీ విడిగా కొలిచి చేస్తే ఏ రెండూ ఒకేలా రావు. ఒక ప్లైవుడ్ ముక్క మీద పూర్తి సైజు బొమ్మ అంటించి, గీతల పక్కన సన్న మేకులు కొట్టి జిగ్ చేయండి. కడ్డీలు మేకుల మధ్య పడుకోబెట్టి అతుకులు వేస్తే చాలు. ఒక స్తంభానికి తీగను లాగి పట్టే రకం, పక్కదానికి అవతలికి నెట్టి పట్టే రకం కావాలి, అంటే రెండు జిగ్‌లు. ఇన్సులేటర్ కోసం 0.3 తీగను కడ్డీ మీద ఎడం ఎడంగా ఐదారు చుట్లు చుట్టి, కొంచెం సోల్డరు పారించి, ముదురు గోధుమ రంగు వేయండి. పింగాణీ పళ్లేలు పేర్చినట్టే ఉంటుంది. స్టేషను ప్లాట్‌ఫాం నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో ఒకటి పక్కన పెట్టుకుంటే అనుమానాలు తీరతాయి. ఫోటో కోసం మాత్రం పట్టాల మీదికి దిగడం, పాదచారుల వంతెన కంచె మీంచి వంగడం, సెల్ఫీ కర్ర చాచడం ఎప్పుడూ వద్దు. 25 వేల వోల్టులు తాకాల్సిన పని లేదు, దగ్గరికి వెళ్తేనే ప్రాణం తీస్తాయి.

తీగ, స్పాన్లు

అసలు కాంటాక్ట్ వైరు 12 మి.మీ. పైచిలుకు మందం. స్కేలుకు 0.14 మి.మీ. వస్తుంది, అది చెయ్యి తగిలితేనే తెగుతుంది. కాంటాక్ట్ వైరుకు 0.4 నుంచి 0.5, పై వైరుకు 0.4, మధ్య వేలాడే డ్రాపర్లకు 0.3 మి.మీ. మంచి రాజీ. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగ అన్నిటికన్నా ఉత్తమం, స్ప్రింగులా తన రూపానికి తాను తిరిగొస్తుంది. దొరకకపోతే మోటార్ వైండింగ్ షాపులో రాగి తీగ అడగండి. 26 గేజీ సుమారు 0.46, 30 గేజీ సుమారు 0.31 మి.మీ. దాని మీద ఎనామిల్ పూత ఉంటుంది, ఎమెరీ కాగితంతో గీకకపోతే సోల్డరు పట్టదు. ఈ రాగి మెత్తన. రెండు మీటర్ల ముక్క ఒక కొస వైస్‌లో బిగించి, ఇంకో కొస డ్రిల్లు చక్‌లో పెట్టి, మెల్లగా నాలుగైదు తిప్పులు తిప్పుతూ కాస్త సాగేదాకా లాగండి. తీగ బాణంలా తిన్ననవుతుంది, గట్టిపడుతుంది కూడా. కళ్లద్దాలు పెట్టుకోండి, తెగితే కొరడాలా వస్తుంది.

స్పాన్లకూ జిగే. కింద తిన్నటి గీత, పైన ఒంగిన గీత. 400 మి.మీ. స్పాన్‌ను ఎనిమిది భాగాలు చేసి, మధ్యనున్న ఏడు చోట్ల డ్రాపర్లు వేయండి. స్తంభం దగ్గర 16 మి.మీ., నడిమధ్య 5 మి.మీ. ఎడం అనుకుంటే, డ్రాపర్ల పొడవులు వరసగా 11.2, 7.7, 5.7, 5, 5.7, 7.7, 11.2 మి.మీ. ఈ అంకెలు తప్పితే పై తీగ ముక్కలుగా విరిగినట్టు కనిపిస్తుంది, అసలు లైనులో ఉండే ఆ జాలువారే ఒంపు రాదు.

సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది చాలు, మొన సన్నగా ఉండాలి. 60/40 సోల్డరు, రోజిన్ ఫ్లక్స్. ఒక అతుకు వేస్తుంటే పక్క అతుకు ఊడిపోతుందా? రెండింటి మధ్య తడి దూది ముద్ద పెట్టండి. కాంటాక్ట్ వైరు అడుగున సోల్డరు బొట్టు మిగలకూడదన్నది ఈ మొత్తం పనిలో అతి ముఖ్యమైన సంగతి. వేలిగోరు అడుగున జరిపి చూడండి, గోరు తట్టుకుంటే పాంటో కూడా తట్టుకుంటుంది. 400 నంబరు ఎమెరీతో రుద్ది నున్నగా చేయండి.

కట్టడం

పట్టాల మీద పాత న్యూస్‌పేపరు పరచి, ఒక చివర నుంచి మొదలుపెట్టండి. గేజి దిమ్మెను స్తంభం దగ్గర పట్టాల మీద నిలబెట్టి, తీగను దాని గాటులో కూర్చోబెట్టి, అప్పుడు గట్టిగా కట్టే కొస స్తంభమైతే చుక్క సోల్డరు వేయండి, నడుమ స్తంభమైతే స్టెడీ ఆర్మ్ కొక్కెంలో తగిలించండి. రెండు స్పాన్లకోసారి పాంటో లేపిన ఇంజనును చేత్తో తోసి చూడండి.

తీగను కొస నుంచి కొసకు బిగుసుగా అతికేస్తే ఎండాకాలం మీ పని పాడు చేస్తుంది. జనవరి రాత్రికీ మే మధ్యాహ్నానికీ మన గదుల్లో 25 డిగ్రీల తేడా రావచ్చు. 400 మి.మీ. రాగి తీగ ఆ వేడికి సాగేది 0.17 మి.మీ. మాత్రమే. కానీ రెండు కొసలూ కదలకపోతే ఆ చిన్న సాగుడుకే తీగ నడుమ సుమారు 5 మి.మీ. కిందికి వాలుతుంది. చలికాలంలో కట్టిన నా తీగ మే నెలలో ఎందుకు వేలాడిందో ఈ లెక్క వేశాకే అర్థమైంది. అసలు రైల్వేలో కప్పీలకు దిమ్మెలు వేలాడదీసి, ఒక్కో తీగను వెయ్యి కిలోల బిగువులో ఏడాది పొడవునా ఉంచుతారు. మనం రెండు మీటర్లకొకసారి తీగను తెంచి, ఒక కొస గట్టిగా కట్టి, ఇంకో కొసను స్తంభం పక్కనుంచి బోర్డు కిందికి దించి మెత్తటి స్ప్రింగుకు తగిలించాలి. నడుమ స్తంభాల దగ్గర తీగను అతికించకుండా స్టెడీ ఆర్మ్ కొసన చిన్న కొక్కెంలో జారేలా వదలండి. ఆ స్ప్రింగు స్తంభానికే పైన ఉత్తుత్తి దిమ్మెల దొంతర వేలాడదీస్తే చూపు అక్కడే ఆగుతుంది. రెండు తీగలు కలిసే చోట ఒక స్పాన్ మేర పక్కపక్కనే నడిపించి, వెళ్లిపోయే తీగను మెల్లగా పైకి లేపండి.

పాయింట్ల దగ్గరా ఇదే సూత్రం. చీలే దారి తీగ అసలు దారి తీగను చేరే వైపు ఒక మి.మీ. ఎత్తులో మొదలై, రెండూ పాంటో వెడల్పు లోపలికి వచ్చేసరికి ఒకే మట్టానికి దిగాలి. లేకపోతే పక్క తీగ పాంటో కొమ్ము కిందికి దూరుతుంది. రెండు దారుల్లోనూ రెండు దిక్కులా ఇంజను నడిపి, తీగ పాంటో అంచుకు ఎక్కడ వస్తోందో పెన్సిలుతో స్లీపరు మీద గుర్తు పెట్టుకోండి. అక్కడికి దగ్గర్లోనే స్తంభం పడాలి.

సొరంగాలు అంత కష్టం కావు. కొత్తవలస–కిరండూల్ లైను లాంటి కొండదారి కట్టేవాళ్లు సొరంగం లోపల స్తంభాలు పెట్టనక్కర్లేదు. పైకప్పుకు 10 మి.మీ. వెడల్పు నున్నటి ఇత్తడి పట్టీ అదే ఎత్తున బిగించి, ద్వారం దగ్గర దాని కొసను చేట అంచులా పైకి వంచితే పాంటో జారుకుంటూ వెళ్తుంది. పట్టీ లేకుండా వదిలేస్తే లోపల పాంటో పూర్తిగా లేచి, బయటికొచ్చేటప్పుడు ద్వారానికి తగిలి విరుగుతుంది.

అంతా కట్టాక ఒక వారం రంగు వేయకుండా నడపండి. తీగ ఎత్తుకు కన్ను పెట్టి, వెనక టార్చి వేసి చూస్తే పాంటో ఎక్కడ ఎగురుతోందో తెలుస్తుంది. పాంటో తీగను పైకి నెడుతుంటే తీగ తప్పు కాదు, పాంటో స్ప్రింగు బలం ఎక్కువ. దాన్ని కాస్త సాగదీసి మెత్తబరచండి. ఆ తర్వాత ఫ్లక్స్ మరకలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్తంభాలకు మెరుపు లేని బూడిద రంగు, తీగలకు ముదురు గోధుమ రంగు పలుచగా వేయండి. రంగు పడితే తీగ ఉన్న దానికన్నా సన్నగా కనిపిస్తుంది. కాంటాక్ట్ వైరు అడుగు మాత్రం రంగు తగలకుండా వదిలేయండి. స్తంభాల మీద కిలోమీటరు అంకె పైన, వరస అంకె కింద ఉండే చిన్న పలకలు కాగితం మీద ప్రింటు తీసి అంటించండి. లెవెల్ క్రాసింగ్ ఉంటే రోడ్డుకు అటూ ఇటూ ఎత్తు కొలిచే అడ్డకమ్మీ మరవొద్దు.

జిగ్‌లు పారేయకండి. ఒక్కో సైజులో రెండేసి స్పాన్లు, నాలుగు కాంటిలివర్లు అదనంగా చేసి, గొట్టంలో పెట్టి బేస్‌బోర్డు కింద తగిలించుకోండి. చొక్కా చెయ్యి తగిలి ఏదో ఒక రోజు ఒక స్పాన్ పోతుంది, అప్పుడు పావుగంటలో మార్చేయవచ్చు.